శాటిలైట్ చూసిన కొల్లేరు: నీళ్ళు ఎక్కడ?

నూజివీడు అనగానే మనందరికీ చిన్నరసాలే గుర్తొస్తాయి. మరి ఆ మామిడి తోటల మీద కురిసిన వాన చివరికి ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? రామిలేరు, తమ్మిలేరు లాంటి ఏర్లలో పడి, పల్లానికి పారి కొల్లేరు చేరుతుంది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ కొల్లేరు గురించే.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లమే కొల్లేరు. బుడమేరు వరద కూడా ఇక్కడికే వస్తుంది. వచ్చిన నీటిని కొల్లేరు తన కడుపులో దాచుకుని, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి వదులుతుంది. ఆ కడుపు తగ్గిపోతే వరద ఊళ్ళ మీద పడుతుంది.

1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాల చేత ఇక్కడ చేపల చెరువులు వేయించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు, గట్ల మీద గట్లు లేచాయి. 1999లో ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, అభయారణ్యం అని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కింది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. ఇప్పుడు బొమ్మ చూద్దాం.

2001 ఫిబ్రవరి 9న మన ఐఆర్ఎస్ శాటిలైట్ తీసిన చిత్రాన్ని పరిశోధకులు పరిశీలించారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే! లెక్కపెడితే 1,050 తేలాయి. ఇంకో 8.5 శాతం వ్యవసాయం. మిగతాది కలుపు మొక్కలూ, గడ్డీ. తేటనీరు అన్నది బొమ్మలో ఎక్కడా కనపడలేదు!

ఇదంతా పైనుంచి ఎలా తెలుస్తుంది? నీళ్ళు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చేసుకుంటాయి, అందుకే బొమ్మలో నల్లగా పడతాయి. పచ్చని మొక్క అదే కాంతిని వెనక్కి కొడుతుంది, ఎర్రగా కనిపిస్తుంది. చేపల చెరువును దాని తిన్నని గట్లే పట్టిస్తాయి.

2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టేశారు. తర్వాత కొన్నిచోట్ల మళ్ళీ లేచాయి. బతుకుతెరువు పోయిందన్న లంక గ్రామాల బాధ కూడా చిన్నదేం కాదు. ఒకప్పుడు వేయించిందీ ప్రభుత్వమే, తర్వాత కొట్టించిందీ ప్రభుత్వమే కదా! ఆ బాధ ఏ శాటిలైట్ బొమ్మలోనూ పడదు.

ఇప్పుడు వాతావరణం మారుతోంది. తక్కువ టైమ్‌లో కుండపోత వానలు పెరుగుతున్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ఎలా ముంచిందో చూశాం. అలాంటప్పుడు మబ్బుల్ని దాటి కింద నీరు ఎంతవరకు పరుచుకుందో చూపించేది రాడార్ శాటిలైటే.

కానీ ఒక్క మాట. శాటిలైట్ చూస్తుంది, కాపలా కాయదు. 1999లో గీసిన గీత 2001 బొమ్మలో ఎందుకు కనపడలేదని అడగాల్సింది మనమే. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో కొల్లేరు వెతకండి. 1984 నుంచి ఇప్పటిదాకా ఏం మారిందో మీ కళ్ళతో మీరే చూసి, కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!