శ్రీబాగు ఒడంబడికలో నీటి నిబంధన

1937 నవంబరు 16వ తేదీన చెన్నపురియందలి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగున కోస్తా, రాయలసీమ నాయకులు చేసికొనిన ఒడంబడికను రాజధానీ వివాదమునకు సంబంధించిన పత్రముగా మాత్రమే పరిగణించుట పరిపాటియైనది. ఇది అసమగ్రదృష్టి.

1852లో గోదావరిపైనను, 1855లో కృష్ణపైనను ఆనకట్టలు పూర్తియై డెల్టాలు సుభిక్షములు కాగా, 1876-78 నాటి మహాక్షామమున సీమ అల్లాడిపోయినది. ఈ వైషమ్యమునకు వర్షాభావమొక్కటే కాక, ప్రభుత్వ పెట్టుబడుల తీరును కారణమే. అందుచేతనే తుంగభద్రా, కృష్ణా, పెన్నా జలముల వినియోగమున రాయలసీమకును, నెల్లూరునకును పదేండ్లు, అవసరమైన నింకను అధికకాలము, ప్రాధాన్యమీయవలెనని ఒడంబడిక నిర్దేశించినది.

1953లో కర్నూలు రాజధాని అయ్యెను. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలెను. రాజధాని శాసనముతో ఏర్పడును, శాసనముతోనే తరలును. కాలువలకు ధనమును, దశాబ్దములును కావలెను. కావున ఒడంబడిక ఎంతవరకు నెరవేరెనో రాజధానినిబట్టి గాక, పొలమునకు చేరిన నీటినిబట్టి నిర్ణయించుట సమంజసము.