దాపరికానికీ గురికీ మధ్య: అమెరికాలో రహస్యంగా ధరించే పిస్తోలు ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
దుస్తుల మాటున దాచుకోదగిన పిస్తోలుకు అమెరికా సామాజిక చరిత్రలో రెండు శతాబ్దాల నేపథ్యం ఉంది. దాచడానికి అనువైన ఆయుధం చిన్నదిగా ఉండాలి. గురి తప్పకుండా కాల్చడానికి అనువైన ఆయుధం చేతి నిండా పట్టు దొరికేటంత పెద్దదిగా ఉండాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు అవసరాల మధ్య ఎంపిక ఏ కాలంలో ఎటు మొగ్గిందో, ఎందుకు మొగ్గిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తూటా శక్తి కంటే కాల్చేవారి చేతికి లొంగే గుణమే ప్రధానమన్న నిర్ణయానికి అమెరికా పోలీసు వ్యవస్థ ఆలస్యంగా చేరుకున్నదనీ, ఆ పాఠం పౌరుల విషయంలో శాసనాల్లోకి పూర్తిగా చేరలేదనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: డెరింజర్, పొట్టి రివాల్వర్, గురి, వెనుతన్ను, ఎఫ్.బి.ఐ., మయామీ ఘటన, ఆయుధ శాసనాలు.

1. ఉపోద్ఘాతం

ఆయుధ చరిత్రను సాధారణంగా యుద్ధాల చరిత్రలో భాగంగా చదువుతారు. సైనికుడి తుపాకీ ఎంత దూరం కాల్చగలదు, ఎంత వేగంగా కాల్చగలదు అన్న ప్రశ్నలు అక్కడ ప్రధానం. పౌరుడు జేబులోనో నడుము దగ్గరో దాచుకొనే పిస్తోలు కథ వేరు. అది రోజంతా ఒంటి మీద ఉంటుంది, ఎన్నడో ఒకనాడు తప్ప బయటికి రాదు. కొందరి విషయంలో ఎన్నటికీ రాదు. అందువల్ల దాన్ని ఎంచుకొనే మనిషి ప్రతిరోజూ అనుభవించే బరువును, మందాన్ని ముందుగా లెక్కలోకి తీసుకుంటాడు. గురి సంగతి ఆ తరువాతే గుర్తుకు వస్తుంది. ఈ క్రమమే సమస్యకు మూలం. గురి తప్పిన తూటా గాలిలో కలిసిపోదు, ఎక్కడో ఒకచోట తగులుతుంది. అది దారిన పోయే మనిషికి తగలవచ్చు.

2. డెరింజర్: దాపరికానికి పట్టం

ఫిలడెల్ఫియాకు చెందిన తుపాకుల తయారీదారు హెన్రీ డెరింజర్ 19వ శతాబ్ది మధ్యకాలంలో రూపొందించిన చిన్న పిస్తోళ్లు అరచేతిలో ఇమిడిపోయేవి. ఒక్క తూటా మాత్రమే పట్టేది. వాటికి వచ్చిన అనుకరణలు ఎన్నో. ఆ తయారీదారుడి పేరే అక్షరాల్లో చిన్న మార్పుతో జేబు పిస్తోలుకు సామాన్య నామంగా స్థిరపడింది. 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్ నాటకశాలలో అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చింది ఇటువంటి .44 కాలిబర్ పిస్తోలుతోనే. బూత్ లింకన్ వెనుక అతి సమీపంలో నిలబడ్డాడు. ఆ దూరంలో గురితో పని లేదు. ఆ ఆయుధ స్వభావాన్ని ఈ సంఘటన చక్కగా తెలుపుతుంది. అది ఎదుటివాడికి తెలియకుండా దగ్గరికి చేరడానికి పనికివచ్చేది. దూరం నుంచి తనను తాను కాపాడుకోవడానికి దాని ఉపయోగం స్వల్పం.

1866లో రెమింగ్టన్ సంస్థ ప్రవేశపెట్టిన రెండు గొట్టాల డెరింజర్ 1935 వరకు తయారైంది. ఒక నమూనా దాదాపు 70 ఏళ్లు మార్కెట్లో నిలవడాన్ని బట్టి, కొనుగోలుదారులు గురి కంటే దాపరికానికే విలువ ఇచ్చారని గ్రహించవచ్చు.

3. శాసనాల దృష్టిలో చిన్న పిస్తోలు

దాచిన ఆయుధంపై సమాజానికి మొదటినుంచీ అనుమానమే. 1813లో కెంటకీ రాష్ట్రం జేబు పిస్తోళ్లు, బాకులు, చేతికర్రలో దాచిన కత్తులు రహస్యంగా ధరించడాన్ని నిషేధించింది. ప్రయాణికులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1822లో బ్లిస్ కేసులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ శాసనాన్ని కొట్టివేసింది. 1850 నాటి కెంటకీ రాజ్యాంగం రహస్య ధారణను నియంత్రించే అధికారాన్ని శాసనసభకు తిరిగి ఇచ్చింది.

1881లో ఆర్కాన్సా చేసిన శాసనం ఇంకా ఆసక్తికరమైనది. సైన్యంలో, నౌకాదళంలో వాడే పెద్ద పిస్తోళ్లకు మినహాయింపునిచ్చి, మిగిలినవాటిని ధరించడాన్నీ అమ్మడాన్నీ అది నిషేధించింది. పెద్ద పిస్తోలును సైతం చేతిలో బయటికి కనిపించేలా పట్టుకొని నడవాలి. అంటే పిస్తోలు పరిమాణమే ఇక్కడ నైతిక ప్రమాణమైంది. ధర ఎక్కువైన పెద్ద ఆయుధాలను మాత్రమే అనుమతించడం వల్ల పేదలపై, ముఖ్యంగా విముక్తి పొందిన నల్లజాతివారిపై ఈ శాసన భారం అధికంగా పడిందన్న విమర్శ చరిత్రకారుల్లో ఉంది. 1911లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన సల్లివాన్ శాసనం దాచుకోదగిన తుపాకులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. ఈ శాసనాలన్నీ ఆయుధాన్ని ఎవరు ధరించాలి, ఎలా ధరించాలి అని అడిగాయి. ధరించినవారు సూటిగా కాల్చగలరా అని అడగలేదు.

4. బ్రౌనింగ్ నుంచి పొట్టి రివాల్వర్ వరకు

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపకల్పనలతో 20వ శతాబ్ది ఆరంభంలో జేబు పిస్తోలు స్వరూపం మారింది. 1903లో కోల్ట్ సంస్థ విడుదల చేసిన .32 కాలిబర్ పిస్తోలు పలుచగా ఉండేది. దాని సుత్తి లోపలే దాగి ఉండటం వల్ల జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు చిక్కుకొనేది కాదు. చిన్న తూటాకు తగిన బరువు ఉండటంతో అది చేతిలో పెద్దగా ఎగిరేది కాదు. దాపరికానికీ గురికీ కుదిరిన తొలి రాజీల్లో దీన్ని ఒకటిగా చెప్పవచ్చు. అదే రూపకర్త ఆలోచన నుంచి వచ్చిన 1908 నాటి కోల్ట్ .25 కాలిబర్ పిస్తోలు దీనికి భిన్నమైనది. దాని గొట్టం పొడవు 2 అంగుళాలు, గురి చూసే అమరిక నామమాత్రం. ఒకే మేధ ఒకే దశకంలో రెండు వేర్వేరు జవాబులు ఇచ్చిందన్నమాట.

1927లో కోల్ట్ తెచ్చిన ‘డిటెక్టివ్ స్పెషల్’, 1950లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన ‘చీఫ్స్ స్పెషల్’ పొట్టి గొట్టపు రివాల్వర్లకు ప్రతీకలయ్యాయి. మొదటిది ఆరు, రెండవది ఐదు .38 తూటాలు పట్టేది. మఫ్టీలో తిరిగే పోలీసులు వీటిని విస్తృతంగా వాడారు. వీటిని తీసుకువెళ్లడం సులభం, నేర్చుకోవడం కష్టం. గట్టి మీట, చిన్న పిడి, పొట్టి గొట్టం కలిసి కొత్తవారి గురిని చెదరగొట్టేవి. కొత్తవారికి చిన్న రివాల్వర్ చాలునన్న సలహా వాడుకలో స్థిరపడింది. నిజానికి అది ఆరితేరినవారి ఆయుధం.

5. చిన్న పిస్తోలు గురి ఎందుకు తప్పుతుంది?

ఇందుకు మూడు భౌతిక కారణాలున్నాయి.

మొదటిది, ముందు గురికొనకూ వెనుక గాడికీ మధ్య దూరం. ఈ దూరం 150 మిల్లీమీటర్లు ఉన్న పిస్తోలులో గురికొన ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, 7 మీటర్ల దూరంలో తూటా సుమారు 47 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఈ దూరం 100 మిల్లీమీటర్లే అయితే అదే తప్పుకు తూటా 70 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. యంత్రం తప్పు చేయడం లేదు. చేతి తప్పును పెద్దదిగా చేసి చూపుతుంది, అంతే.

రెండవది వెనుతన్ను. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం తూటా ముందుకు పోయినప్పుడు పిస్తోలు వెనక్కి తన్నుతుంది. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వెలువడితే, 850 గ్రాముల పిస్తోలు సెకనుకు సుమారు 3.3 మీటర్ల వేగంతోనూ, 500 గ్రాముల పిస్తోలు 5.6 మీటర్ల వేగంతోనూ వెనక్కి కదులుతాయి. ఇది మందుపొడి వాయువుల ప్రభావాన్ని వదిలి వేసిన లెక్క. ఈ లెక్కన చేతికి తగిలే శక్తి 4.6 జౌళ్ల నుంచి 7.8 జౌళ్లకు పెరుగుతుంది. పిడి చిన్నదైతే చిటికెన వేలికి చోటు ఉండదు. అప్పుడు ఆ శక్తిని ఆపడానికి మిగిలే పట్టు మరీ తక్కువ. దెబ్బను ముందే ఊహించి చెయ్యి బిగుసుకుపోతుంది. రెండవ తూటా దారి తప్పడానికి ఇదే ప్రధాన కారణం.

మూడవది మీట బరువు. దాన్ని లాగడానికి కావలసిన బలం పిస్తోలు బరువుకు అనేక రెట్లున్నప్పుడు, వేలు లాగే కొద్దీ మొత్తం ఆయుధమే పక్కకు వాలుతుంది. న్యూయార్క్ నగర పోలీసు శాఖ 1990వ దశకంలో తూటా పొరపాటున పేలకుండా తన పిస్తోళ్లకు సుమారు 12 పౌండ్ల, అంటే దాదాపు 5.4 కిలోల మీటను నిర్దేశించింది. ఆ శాఖ శిక్షణపై ర్యాండ్ సంస్థ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1998–2006 మధ్య పరస్పర కాల్పుల్లో తగిలిన తూటాలు సగటున 18 శాతం, ఎదుటివారు కాల్చనప్పుడు 30 శాతం. ప్రాణభయంలో ఏ చెయ్యీ నిలకడగా ఉండదు. అయినా తేలికైన మీటను పరిశీలించమని ఆ అధ్యయనం సూచించడం గమనించదగినది.

6. మయామీ నుంచి 9 మిల్లీమీటర్ల వరకు

1986 ఏప్రిల్ 11న మయామీ నగరంలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. నిందితుల్లో ఒకడికి తగిలిన 9 మిల్లీమీటర్ల తూటా గుండెను చేరకుండానే ఆగిపోయింది. అతడు ఆ తరువాత కూడా కాల్పులు కొనసాగించాడు. సంస్థ దృష్టి ఆ తూటాపై పడింది. మరింత లోతుకు దిగే తూటా కోసం అన్వేషణ మొదలైంది. అలా 10 మిల్లీమీటర్ల తూటా ఎంపికైంది. దాని వెనుతన్ను చాలామంది ఏజెంట్లకు భారమని తేలడంతో మందును తగ్గించారు. మందు తగ్గాక అంత పొడవైన తూటా అక్కరలేదని గ్రహించి 1990లో .40 కాలిబర్ తూటాను మార్కెట్లోకి తెచ్చారు. 1997లో ఎఫ్.బి.ఐ. దాన్ని స్వీకరించింది.

2014లో ఆ సంస్థ శిక్షణ విభాగం 9 మిల్లీమీటర్లకు తిరిగి రావడాన్ని సమర్థిస్తూ ఒక పత్రం రూపొందించింది. కాల్పుల ఘటనల్లో పోలీసుల తూటాల్లో 70 నుంచి 80 శాతం గురి తప్పుతాయనీ, ఒకే పరిమాణంలోని పిస్తోళ్లలో .40 కంటే 9 మిల్లీమీటర్లతో ఎక్కువమంది వేగంగా, సూటిగా కాల్చగలిగారనీ అది పేర్కొంది. ఈ కాలంలో తూటా తయారీ మెరుగుపడిన మాట నిజమే. అయినా ఆ పత్రంలో మారినది ముఖ్యంగా ప్రశ్న. 1986లో ‘తగిలిన తూటా ఏం చేసింది?’ అని అడిగారు. 2014 నాటికి ‘తూటా తగిలిందా?’ అన్నది ముందుకు వచ్చింది. ఈ క్రమం మారడానికి 28 ఏళ్లు పట్టింది.

7. పౌరుల విపణి, పౌరుల బాధ్యత

1987లో ఫ్లోరిడా రాష్ట్రం, నిర్దేశిత అర్హతలున్నవారందరికీ రహస్య ధారణ లైసెన్సు ఇవ్వాలని శాసనం చేసింది. అనేక రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 1994 నుంచి 2004 వరకు అమలైన కేంద్ర శాసనం 10 తూటాలకు మించిన కొత్త మ్యాగజైన్లను పౌరులకు నిషేధించింది. పది తూటాలే అనుమతి అయినప్పుడు పెద్ద పిస్తోలు దేనికన్న ఆలోచన చిన్న నమూనాలకు ఊతమిచ్చింది. 2008లో వచ్చిన రూగర్ ఎల్.సి.పి. బరువు 270 గ్రాములలోపే. డెరింజర్ నాటి ఆదర్శం కొత్త రూపంలో తిరిగి వచ్చినట్టయింది.

ఆ తరువాతి దశకం దిశ మార్చుకుంది. 2018లో సిగ్ సంస్థ ప్రవేశపెట్టిన పి365 సుమారు 3.1 అంగుళాల గొట్టంతో పది తూటాలు పట్టేది. మరుసటి ఏడాదే అదే సంస్థ 3.7 అంగుళాల గొట్టం, పొడవైన పిడి ఉన్న రూపాన్ని తెచ్చింది. మరింత చిన్నదాని కోసం పరుగెత్తిన విపణి, చేతికి పట్టు దొరికేది కావాలని కొంత వెనక్కి తిరిగింది.

న్యాయస్థానాల తీరు వేరు. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ప్రత్యేక కారణం చూపితేనే లైసెన్సు ఇస్తామన్న న్యూయార్క్ నిబంధనను కొట్టివేసింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండానే రహస్య ధారణకు అనుమతి ఉంది. పోలీసు తన పిస్తోలుతో నిర్ణీత కాలానికొకసారి పరీక్షకు నిలబడాలి. లైసెన్సు అక్కరలేని రాష్ట్రంలో పౌరుడికి ఆ పరీక్ష లేదు. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ భవనం ముందు శిక్షణ పొందిన ఇద్దరు పోలీసులు ఒక హంతకుడిపై 16 తూటాలు కాల్చగా, ఆ తూటాలు, వాటి శకలాలు తగిలి తొమ్మిదిమంది బాటసారులు గాయపడ్డారు. శిక్షణ ఉన్నవారి విషయంలోనే ఇలా జరిగితే, ఆ బాధ్యత పూర్తిగా సొంత ఎంపికకే వదిలిన పౌరుడి విషయం ఆలోచించదగినది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. డెరింజర్ కాలం నుంచి పొట్టి రివాల్వర్ల కాలం వరకు ఎంపికకు ప్రధాన ప్రమాణం దాపరికమే.
2. మయామీ ఘటన తరువాత తూటా శక్తి ప్రమాణమైంది. కాల్చేవారి చేతికి అది మించిన భారమై చివరకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.
3. పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ చేతి లోపాలు పెద్దవిగా బయటపడతాయి. కనుక అతి చిన్న ఆయుధం కొత్తవారికి తగినదన్న నమ్మకానికి భౌతిక ఆధారం లేదు.
4. పోలీసు వ్యవస్థ, విపణి అనుభవంతో ఈ సత్యాన్ని గ్రహించాయి. లైసెన్సును తొలగించిన శాసనాలు మాత్రం గురిని పౌరుడి మనస్సాక్షికే విడిచిపెట్టాయి.

ఆయుధాన్ని దుకాణంలో చేత్తో తూచి ఎంచుకొనేవారికి దాని బరువు తెలుస్తుంది. కాల్చి చూసి ఎంచుకొనేవారికి తమ చేతి నిలకడ తెలుస్తుంది. రెండు శతాబ్దాల ఈ చరిత్రలో మొదటి పద్ధతికే ఆదరణ ఎక్కువ. దాని వెల కొన్నవారు మాత్రమే చెల్లించలేదు, దారిన పోయేవారూ చెల్లించారు.