తుపాకి చేతులు మారేటప్పుడు

2025 అక్టోబరు 3న టెక్సాసులో, పెట్రోలు బంకులో పని చేసుకుంటున్న మా ఎల్బీనగర్ విద్యార్థి ఒకరు కాల్పులకు బలయ్యారు. ఇక్కడ దంతవైద్యం పూర్తి చేసి పైచదువుకు వెళ్ళిన కుర్రవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో విదేశీ చదువుల ప్రకటన కనబడని గోడ అరుదు. ఆ వారమంతా వాటి కేసి చూడబుద్ధి కాలేదు.

పక్కింటి పెద్దాయన అడిగారు: "అక్కడ తుపాకి కొంటే ఎవరూ ఏమీ అడగరాండీ?"

అడుగుతారు, దుకాణంలో అయితే. 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం లైసెన్సున్న వర్తకుడు కొనేవాడి నేరచరిత్రను విచారించాలి. ఒక ఇంటివాడు అదే రాష్ట్రంలోని మరొకడికి అమ్ముకుంటే మాత్రం కేంద్ర చట్టం ఆ విచారణ కోరదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఆ సందును పూడ్చుకున్నాయి, టెక్సాసు పూడ్చలేదు. శాండీ హుక్ బడిలో ఇరవై మంది పసివాళ్ళు చనిపోయిన కొద్ది నెలలకే, 2013 ఏప్రిల్ 17న, తుపాకుల సంతల్లోనూ అంతర్జాలంలోనూ జరిగే అమ్మకాలకు విచారణ విస్తరించే సవరణ సెనేటు ముందుకు వచ్చింది. అనుకూలంగా 54 ఓట్లు, కావలసినవి 60. వీగిపోయింది.

మరి మన దగ్గర? 1959 ఆయుధాల చట్టం అయిదవ సెక్షను చూడండి. సొంత తుపాకిని అమ్మదలచిన వ్యక్తి ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలపాలి. ఆపైన 45 రోజులు ఆగాలి. (ఈ గడువు 1983 సవరణలో వచ్చింది.) కొనేవాడికీ లైసెన్సు ఉండాలి, దానికి పోలీసు నివేదిక కావాలి.

ఇది చెప్పి గర్వపడబోయాను కానీ, చరిత్ర అంత సుఖంగా సాగనివ్వదు. ఈ కట్టడికి మూలం 1878లో లిట్టన్ తెచ్చిన చట్టం. భారతీయుడికి లైసెన్సు, తెల్లవాడికి మినహాయింపు! ఆ అవమానం మీది కోపంతోనే కాబోలు, 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరుడి హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కు కోరితే అంబేద్కర్ ఒప్పుకోలేదు. దొంగలకూ ఆ హక్కు ఇవ్వాలా అన్నది ఆయన వాదం. అప్పటికి హైదరాబాదులో పోలీసు చర్య ముగిసి మూడు నెలలైనా కాలేదు. ఎల్బీనగర్ దాటి విజయవాడ దారి పడితే వచ్చే నల్లగొండ పల్లెల్లో, గడీల తుపాకులు దళాల చేతికి చేరిన రోజులవి. అక్కడ రైతుకు ఆయుధం ప్రాణరక్షణ. దాన్ని దొంగ చేతి తుపాకితో ఒకే గాటన కట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. నాటు తుపాకి మాటేమిటని అడిగారు. దానికి లైసెన్సు లేదు, ఠాణాకు రాసే ఉత్తరం లేదు, 45 రోజులూ లేవు. ఆయన మనుమరాలు జనవరిలో డల్లాసు వెళుతోందట. ఆమె వీసా కాగితాలు నా చేత చదివించుకుని వెళ్ళారు.