ఆరె పట్టిన చేతికి పార

కరువు మీద రాసిన పుస్తకాల్లో రైతు ఉంటాడు. ఎండిన పైరు ఉంటుంది, అడుగంటిన బావి ఉంటుంది, సంతలో చవగ్గా పోయిన ఎద్దులుంటాయి. ఆ ఎద్దు చస్తే కాళ్లు కట్టి మోసుకుపోయినోడు మాత్రం ఉండడు. మోసుకుపోయి, తోలు వొలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి పదును చేసి, దాన్నే మళ్లీ ఆ రైతు కాలికి చెప్పుగా, అతని బావికి బొక్కెనగా, అతని కాడికి వారుగా చేసిచ్చినోడు అసలే ఉండడు. మేం ఆ ఇంటోళ్లం. మార్కాపురం, కంభం, గిద్దలూరు తట్టు ఏ ఊరికి పోయినా ఊరికి దూరంగా ఒక మాదిగపల్లె, దానికి ఇంకాస్త దూరంగా ఒక లంద ఉండేవి. లంద కంపని ముక్కు మూసుకున్నోళ్లే ఆ తోలుబొక్కెనతో తోడిన నీళ్లతో పంట పండించుకున్నారు.

కరువుకీ మా పనికీ ఉన్న తిరకాసు బయటోళ్లకు తెలీదు. సాలెవానికి కరువొస్తే నూలు కొనే డబ్బుండదు. కమ్మరికి నాగళ్ల పని ఆగిపోద్ది. మాకు అట్టా కాదు, ముడిసరుకు కుప్పలు పడుద్ది. గడ్డి లేక గొడ్లు వరసగా చస్తాయి, తోళ్లు ఎన్ని కావాలంటే అన్ని. కానీ నీళ్లే లేని బావికి బొక్కెన ఎందుకు? ఎద్దే లేని కాడికి వారెందుకు? చేతినిండా పనికి సరుకుంటది, నోట్లోకి గింజుండదు. పైగా మాకు కూలి డబ్బుల్లో ఇచ్చేవాళ్లు కాదు. ఏడాది పొడుగూ ఆసామికి కావల్సిన తోలుపనంతా చేసిపెడితే పంట నూర్చినాక కల్లంలో మేర కొలిచేవాళ్లు. కల్లం లేని ఏడు మేర లేదు. రైతుకు పంట పోతే భూమన్నా మిగుల్తుంది, తాకట్టు పెట్టుకోడానికి. మాకు తాకట్టు పెట్టడానికి ఆరె, రంపె, గూటం. వాటి మీద అప్పిచ్చే షావుకారు ఏ ఊళ్లో ఉన్నాడు?

1876-78 కరువును మా తట్టు ధాతు కరువంటారు. అప్పటికి మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడుగానీ మేం ఇటు రాలేదు. 1871 లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనం 1881 లెక్కలకు ఏడు లక్షల లోపుకు దిగిపోయారు. నలుగురిలో ఒకరు తగ్గారన్నమాట. చచ్చినోళ్లెంతమంది, వలసపోయినోళ్లెంతమంది, అందులో పల్లె వాళ్లెంతమంది అని విడదీసి చెప్పే లెక్క నా కంట పడలేదు. జనం అట్టా రాలిపోతున్న 1877లోనే రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకొక పౌను గింజలకూ ఒక అణాకూ కుదించాడు. అదే ఏళ్లలో మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి మాత్రం పెరిగింది. చచ్చిన గొడ్డు తోలుకు సముద్రం దాటే దారి దొరికింది. దాన్ని వొలిచినోడికి ఒంగోలు పోయే దారే గతయింది.

ఒంగోలు ఎందుకంటే, అక్కడ బకింగ్‌హాం కాలవ తవ్వుతున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల కాలవ పని కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, కరువు జనానికి పని చూపించాడు. పడమటి తాలూకాల మాదిగలు వంద కిలోమీటర్ల దాకా నడిచి ఆ పనికి పోయారు. పోయినోళ్లు చెప్పులు కుట్టేవాళ్లు, తోళ్లు పదును చేసేవాళ్లు. అక్కడ వాళ్ల చేతికిచ్చింది పార, గంప. రాతల్లోకి ఎక్కింది కూలోళ్లుగానే.

కరువు పని జరుగుతుండగా క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడుద్దని ఆగాడు. పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆ లెక్క ప్రపంచమంతా తెలుసు. మా నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి పోయే గుండ్లకమ్మే అది. చరిత్రకారులు ఆ రోజును మతం కిందే రాస్తారు. నాకు అందులో పని చరిత్ర కనిపిస్తుంది. బాప్తిస్మం తీసుకున్నోళ్లు చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, జాతర్లకు డప్పు కొట్టకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఆ మాటకు ఊరు ఊరుకుంటుందా? చాలాచోట్ల పనులు ఆపేశారు, మేర ఆపేశారు, బావుల దగ్గరికి రానీలేదు. అంటే వాళ్లు దేవుణ్ణొక్కణ్ణే మార్చుకోలేదు, తరతరాల కూలి ఒప్పందాన్నే తెంచుకున్నారు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకానికి చెప్పులు కుట్టడాన్నే పేరుగా పెట్టింది. ఆ ఒక్క పుస్తకం అట్ట మీదన్నా మేం పనోళ్లుగా కనపడ్డాం.

కరువూ జబ్బూ కలిసి రావడం మాకు 2020తో మొదలు కాదు. 1918లో వానలు పోయాయి, అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకి కోటిమందికి పైగా చచ్చారు. మా జేజి వాళ్ల అత్త నోట విన్నది చెప్పేది: "ఇంటికొక పీనుగ. గుంట తీసేదీ మనమే, డప్పు కొట్టేదీ మనమే. ఆఖరికి కొట్టేవాళ్లకే జొరమొస్తే పీనుగలు సప్పుడు లేకుండా పోయినయ్యంట." ఈ మాట ఏ గెజెటీర్లోనూ లేదు.

తాత కాలానికి కపిలి బావులున్నాయి. తోలు తొండం కుట్టడంలో ఆయనది గట్టి చెయ్యి. కుట్టు కుట్టుకీ నీళ్లు పోసి చూసేవాడంట, చుక్క కారితే ఊడదీసి మళ్లీ కుట్టేవాడు. తరవాత ఆయిలింజన్లొచ్చాయి, కరెంటు మోటార్లొచ్చాయి, తొండం అక్కర్లేకపోయింది. అంగట్లోకి హవాయి చెప్పులొచ్చాయి, కిర్రు చెప్పులూ పోయాయి. బావుల్లో ఉన్న నీళ్లనేమో మోటార్లు తోడేశాయి. బోర్లు వందల అడుగులు దిగాయి, ఫ్లోరైడు నీళ్లు పైకొచ్చాయి. పల్లెలో కొంతమంది పలకల క్వారీలకు పోయారు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినోళ్లు దేశంలో ఎంతమందో. ఆ రాయి తవ్వినోళ్ల పిల్లలు బడికి పోయిందెంతమంది? పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక ఆ పనీ పలచబడింది.

నాయన బస్టాండు బయట గోడవార పట్టా కట్టుకుని కూచున్నాడు. ముప్పై ఏళ్లు. తెగిన వారు, ఊడిన సోలు, స్కూలు బ్యాగుల జిప్పులు. పెళ్లిళ్ల కాలంలో డప్పు. ఆ డబ్బుల్తోనే నేను డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను, టీచర్నయ్యాను. మా వంశంలో నెలజీతం తీసుకున్న మొదటోణ్ణి నేనే. 2018లో వానల్లేక మా మండలాలు కరువు జాబితాలోకెక్కాయి. పల్లెటూళ్ల నుంచి బస్సు దిగే మనిషే తగ్గిపోయాడు. తెగిన చెప్పును పిన్నీసుతో సర్దుకుని తిరిగేవాళ్లకు కుట్టించుకోను పది రూపాయలెక్కడివి? తమ్ముడు హైదరాబాదులో భవనాల పనికి పోయాడు. చెల్లెలి పెళ్లికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నా జీతం మీద ఉంది.

ఆ అప్పు తీరకముందే 2020 మార్చి 24 రాత్రి దేశం మూసేశారు. బస్సులాగితే నాయన బతుకు ఆగినట్టే. మళ్లీ బస్సు కదిలింది మే 21న. ముహూర్తాలున్న నెలలన్నీ పోయాయి, ఒక్క పెళ్లి డప్పు మోగలేదు. ఆ ఎండాకాలం మా ఊళ్లో డప్పు మోగింది ఒక్కందుకే: "ఎవరూ ఇళ్లలోంచి బయటికి రాబాకండహో" అని చాటడానికి. చాటినోడు మాత్రం వీధి వీధీ తిరగాల. దానికి కూలి ఎవరూ ఇవ్వలేదు. వెట్టి పోయిందని నేను పిల్లలకు పాఠం చెబుతుంటాను.

తమ్ముడు పెళ్లాం బిడ్డలతో సగం దూరం నడిచి, సగం దూరం లారీలెక్కి వచ్చాడు. ఇంట్లో ఎనిమిది మందిమయ్యాం. మార్చి, ఏప్రిల్ నెలలకు నాకు సగం జీతమే చేతికొచ్చింది, మిగతాది వాయిదా. తమ్ముడి కార్డుకు మనిషికి అయిదు కిలోల ఉచిత బియ్యం వచ్చింది. అమ్మా నాయనా నా ఇంటి లెక్కలో ఉన్నారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే బియ్యం కార్డుండదు, చర్మకారుల పింఛనూ ఉండదు. రూలు నాకు అర్థమవుద్ది. ఉన్నోడికి ఇవ్వకూడదు. కానీ ఒక్క జీతంతో ఒక తరం పేదరికం ఒక్క సంతకంతో కొట్టేసినట్టు లెక్క తేల్చడం నాకు ఒప్పుదల కాదు. తాతలిచ్చిన ఎకరా లేదు, అమ్ముకోను ఇంటి స్థలం లేదు, ఉన్నది అప్పు. అమ్మ దుద్దులు తాకట్టుకు పోయింది ఆ మే నెలలోనే.

జూన్ 10న రాష్ట్రంలో దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు చేదోడు పథకం కింద పదివేలు ఇచ్చారు. మంచిదే, వాళ్లూ మాలాగే మూతపడ్డోళ్లు. ఆ జాబితాలో చెప్పులు కుట్టేవాడు లేడు. పింఛను వేరే ఉంది కదా అంటారు. అది వయసు చూసిచ్చేది, మూతపడిన పనిని చూసిచ్చేది కాదు.

మాకు దొరికింది ఉపాధి హామీ. మేలో కేంద్రం ఆ పథకానికి నలభై వేల కోట్లు అదనంగా ఇచ్చింది, మన రాష్ట్రంలో ఆ ఏడు రోజుకూలి 237 రూపాయలు. జాబ్ కార్డుకు నా జీతం అడ్డం రాలేదు. అరవై ఏళ్ల నాయన తమ్ముడితో పాటు కుంట పూడిక తీయడానికి బయల్దేరాడు.

"నాయనా, నువ్వు పోబాక. నేను సర్దుతాగా" అన్నాను.

"నువ్వేడ సర్దుతావు అబ్బయ్యా, సగం జీతంతో? మట్టి పనే గదా. మీ ముత్తాతలు కాలవ దాకా నడిచి పోయినోళ్లు" అన్నాడు.

ఆ పథకం లేకపోతే ఇంకా చచ్చేవాళ్లం, అది కాదనను. నేనడిగేది వేరు. 1877 నుంచి 2020 దాకా నూటనలభై మూడేళ్లలో మా వాళ్లకు ఆపద వచ్చిన ప్రతిసారీ సర్కారు చూపించింది మట్టిపనే. తోళ్ల పరిశ్రమకని 1973లో పెట్టిన లిడ్‌క్యాప్ అనే కార్పొరేషన్ కూడా ఉంది. ఉండి కూడా, లాక్‌డౌన్లో మా పల్లెలో ఒక్క ఇంటికీ కుట్టడానికి తోలూ సోలూ రాలేదు, కుట్టినవి కొనడానికి ఆర్డరూ రాలేదు. బడి పిల్లలకు సర్కారు ఏటా బూట్లు కొనిపెడుతుంది. వాటిలో ఒక్క జత కుట్టే పనన్నా ఈ పల్లెలకు ఎందుకు రాదో ఎవరన్నా చెప్పండి.

మా బడి అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి వృత్తి అన్న గడి ఉంది. పాత రిజిస్టర్లు తిరగేస్తే మా పల్లె పిల్లలందరికీ ఆ గడిలో ఒకటే మాట: కూలి. లందలు నడిచిన రోజుల్లోనూ కూలే, నాయన నన్ను చేర్చిన రోజునా కూలే. ఇప్పుడా రిజిస్టరు నేను రాస్తున్నా. పోయిన జూన్లో ఒకాయన కూతుర్ని చేర్చడానికొచ్చాడు. ఏం పని చేస్తావని అడిగితే, గిద్దలూరు రోడ్డులో చెప్పులు కుడతానన్నాడు. రాస్తుంటే చేయి పట్టుకున్నాడు. "కూలి అని రాయండి సారూ, పిల్లని ఎగతాళి చేస్తారు" అన్నాడు. ఆ పాప నా వంకా, వాళ్ల నాయన వంకా చూస్తూ నిలబడింది.