పోగో: విదేశీ చానల్‌లో హైదరాబాద్ భీముడు

పోగో భారతదేశంలో పిల్లల కోసం నడుస్తున్న టెలివిజన్ చానల్. అమెరికాకు చెందిన టర్నర్ సంస్థ 2004 జనవరి 1న దీన్ని ప్రారంభించింది. ప్రస్తుతం ఇది వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ చేతిలో ఉంది. హిందీతో పాటు తెలుగు, తమిళంలోనూ ప్రసారమవుతోంది. విదేశీ కార్యక్రమాలతో మొదలైన ఈ చానల్‌కు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చింది మాత్రం హైదరాబాద్‌లో పుట్టిన పాత్ర.

నేపథ్యం

టర్నర్ 1995లోనే కార్టూన్ నెట్‌వర్క్‌ను భారత్‌కు తెచ్చింది. అప్పట్లో అది రోజంతా వచ్చే చానల్ కాదు. పగలు కార్టూన్లు, రాత్రయితే అదే చానల్‌లో టీఎన్‌టీ పేరుతో హాలీవుడ్ పాత సినిమాలు వచ్చేవి. మొదట అంతా ఇంగ్లిషే. తర్వాత హిందీ డబ్బింగ్ వచ్చింది. 2001లో 24 గంటల ప్రసారాలు మొదలయ్యాయి. భాష మారినా, కథలు ఎక్కువగా బయటివే.

తొలి ఏళ్లు

పోగో వచ్చిన 2004లోనే హంగామా, డిస్నీ చానళ్లు కూడా రంగంలోకి దిగాయి. పోటీలో పోగో కార్టూన్లకే పరిమితం కాలేదు. మిస్టర్ బీన్, చేతిపనులు నేర్పే మ్యాడ్, జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో జపాన్ గేమ్ షో తకేషీస్ కాసిల్ అలా ఇళ్లలోకి వచ్చినవే. పిల్లలతో పాటు పెద్దలూ వీటిని చూసేవారు.

ఛోటా భీమ్

రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించారు. ఈ సంస్థ తీసిన ఛోటా భీమ్ 2008లో పోగోలో మొదలైంది. మహాభారతంలోని భీముడి నుంచి తీసుకున్నది పేరు, బలం, తిండిపుష్టి మాత్రమే. ఢోలక్‌పూర్ అనే ఊహాజనిత రాజ్యం, చుట్కీ, రాజు, కాలియా, జగ్గు కోతి, లడ్డూ తింటే పుట్టుకొచ్చే శక్తి కొత్త కల్పనలు.

అప్పటికి భారతీయ యానిమేషన్ స్టూడియోలకు ప్రధాన ఆదాయం విదేశీ సంస్థల కాంట్రాక్టు పని. బొమ్మలు ఇక్కడ గీసినా హక్కులు అక్కడే ఉండేవి. ఛోటా భీమ్ విషయంలో పాత్రపై హక్కులు గ్రీన్ గోల్డ్ వద్దే ఉన్నాయి. అందుకే స్కూల్ బ్యాగులు, బొమ్మలు, 2012లో థియేటర్లకు వచ్చిన సినిమా వంటివన్నీ ఆ సంస్థకు ఆదాయ మార్గాలయ్యాయి. 2019లో బుల్లి భీముడితో తీసిన మైటీ లిటిల్ భీమ్ నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. మాటలు రాని పసివాడి కథ కావడంతో దానికి డబ్బింగ్ అవసరమే పెద్దగా లేకపోయింది.

ప్రభావం

భీమ్ విజయం తర్వాత పోగోలో స్వదేశీ యానిమేషన్ వాటా పెరిగింది. మైటీ రాజు, 2020లో వచ్చిన స్మాషింగ్ సింబా, టీటూ ఆ కోవలోవే. ఇందులో తెలుగువారికి ఒక వెలితి ఉంది. పాత్ర పుట్టింది హైదరాబాద్‌లోనే అయినా, జాతీయ మార్కెట్‌ను నడిపేది హిందీ. దాంతో మన ఊళ్లో తయారైన భీముడు మన పిల్లలతో తెలుగులో మాట్లాడేది డబ్బింగ్ గొంతుతోనే.