టర్బో సి నుంచి జీసీసీ దాకా: మన ఫోన్‌లోకి వచ్చిన కంపైలర్ కథ



జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి ఈ ఏడాది కాలేజీల్లో చేరినవాళ్లు కొందరు "సి నేర్చుకోవాలంటే ఏ కంపైలర్ వేసుకోవాలి అన్నా?" అని అడిగారు. జవాబుకి ముందు కాస్త చరిత్ర చెప్తాను. అది తెలియకే నేను దెబ్బతిన్నాను.

ఫస్టియర్‌లో హాస్టల్ మెస్ లెక్కకి ప్రోగ్రాం రాశా. 40 మంది, మనిషికి 900. ల్యాబ్‌లో రన్ చేస్తే మొత్తం మైనస్ 29,536 అని వచ్చింది! రాత్రి అదే ప్రోగ్రాం ఫోన్‌లో కొడితే కోనియో ఫైలు లేదని అసలు కంపైలే కాలేదు. ఆ లైన్లు తీసేశాక 36,000 అని సరిగ్గా వచ్చింది. రెండు రోజులు నాకు లెక్కలు రావనే అనుకున్నా. మన పిల్లలకి ఆ అనుమానం తొందరగా వచ్చేస్తది కదా.

ల్యాబ్‌లో ఉన్నది టర్బో సి. బోర్లాండ్ కంపెనీ 1987లో డాస్ కోసం తెచ్చిన సరుకు. అందులో ఇంట్ అంటే 16 బిట్లే, 32,767 దాటితే మైనస్‌లోకి తిరిగిపోతుంది. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, గీతలు గీసే గ్రాఫిక్స్ ఫైలు బోర్లాండ్ సొంతం, సి ప్రమాణంలో లేవు. ఇప్పటి 64 బిట్ల విండోస్‌లో అది నేరుగా నడవదు, డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తారు. తమాషా ఏంటంటే ఆ డాస్‌బాక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

అదే 1987లో జీసీసీ కూడా వచ్చింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో భాగం అది. ఎవరైనా వాడొచ్చు, కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. 1989లో డీజే డెలోరీ అనే ఆయన దాన్ని 386 మిషన్ల మీద డాస్‌లోకి తేవడం మొదలుపెట్టాడు. దాని పేరు డీజేజీపీపీ. అంటే డాస్ రోజుల్లోనే పైసా ఖర్చు లేని 32 బిట్ల కంపైలర్ ఉంది. అయినా మన ల్యాబుల్లో టర్బో సి పాతుకుపోయింది. పుస్తకాలు దాని మీదే రాశారు, సార్లు దాని మీదే నేర్చుకున్నారు, మనకీ అదే చెప్పారు. తర్వాత విండోస్‌కి మింగ్‌డబ్ల్యూ వచ్చింది. ఫోన్‌లో టర్మక్స్ వేసుకుంటే దొరికేది క్లాంగ్. దానికి పునాది ఎల్ఎల్‌వీఎం, 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆడ్వే మొదలుపెట్టింది.

జీసీసీతో చేసిన ప్రోగ్రాం కోడ్ కూడా అందరికీ ఇచ్చేయాలా అని ఒక తమ్ముడు అడిగాడు. అక్కర్లేదు, మనం రాసింది మనదే.

లైబ్రరీల దగ్గరే అసలు తిరకాసు. క్యూటీ కథ చూడండి. నార్వేలో ట్రోల్‌టెక్ కంపెనీది. 1996లో మొదలైన కేడీఈ దాని మీదే కట్టారు. కానీ అప్పటి లైసెన్స్ పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేదు. అందుకే 1997లో కొందరు విడిగా జీటీకే మీద గ్నోమ్ మొదలుపెట్టారు. ఆ ఒత్తిడి ఊరికే పోలేదు, 2000లో క్యూటీకి జీపీఎల్ వచ్చింది. అయితే లినక్స్ వైపే. విండోస్‌లో అదే లైసెన్స్‌తో దొరకడానికి 2005 దాకా, క్యూటీ 4 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. "ఉచితం" అంటే సరిపోదు, ఏ మిషన్ మీద ఉచితమో చూడాలి. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌కి ఈ గొడవ లేదు. 1992లో ఎడిన్‌బరోలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టింది, కోడ్‌బ్లాక్స్ దాంతోనే కట్టారు. ఆటలు చేసేవాళ్లకి 1998 నాటి ఎస్‌డీఎల్ ఉంది.

మనకి ఇంకో పరీక్ష ఉంది: తెలుగు అక్షరం. మా తండాలో మాట్లాడే గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు లిపిలోనే రాసుకుంటాం. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేది హార్ఫ్‌బజ్ లైబ్రరీ. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నిట్లో ఉన్నది అదే, స్వేచ్ఛగా దొరుకుతుంది. ఎస్‌డీఎల్‌లో హార్ఫ్‌బజ్ లేకుండా అక్షరాలు వేస్తే "అమ్మ" అన్న మాటలో మ కింద వత్తు చేరదు, పక్కన విడిగా పడుతుంది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చారంటే కింద ఇలాంటి లైబ్రరీలు ఉండబట్టే.

నేనిప్పుడు ల్యాబ్‌లో కోడ్‌బ్లాక్స్‌తో మింగ్‌డబ్ల్యూ, ఫోన్‌లో క్లాంగ్ వాడుతున్నా. రెండిట్లోనూ చాలా హెచ్చరికలు చూపించే డబ్ల్యూఆల్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తా. ఎగ్జామ్‌లో మాత్రం ఇంకా వాయిడ్ మెయిన్, క్లియర్‌స్క్రీన్ అనే రాస్తున్నా, మార్కులు కావాలి కదా.