గోరింటాకుతో జుట్టుకు రంగు, రక్షణ: హోసూరు, కృష్ణగిరి ప్రాంతం

గోరింటాకు పొడినో, నూరిన పచ్చి ఆకు ముద్దనో తలకు పట్టించి నెరసిన వెంట్రుకలకు ఎర్రని రంగు తెచ్చుకోవడం, ఉన్న జుట్టు చిట్లకుండా కాపాడుకోవడం దక్షిణాదిన ఇళ్ళలో సాగే పాత పద్ధతి. తమిళనాడు వాయవ్య మూలన, కర్ణాటకకూ ఆంధ్రప్రదేశ్‌కూ ఆనుకుని ఉన్న కృష్ణగిరి జిల్లాలో తెలుగు, తమిళ, కన్నడ, ఉర్దూ కుటుంబాలకు ఇది ఉమ్మడి అలవాటు. తెలుగువారి గోరింట తమిళులకు మరుదాణి, కన్నడిగులకు మదరంగి, ఉర్దూ మాట్లాడేవారికి మెహందీ. చేతులకు పెట్టుకునే గోరింటాకు ఆషాఢానికో, పెళ్ళికో, పండుగకో ముడిపడిన సంబరం. తలకు పెట్టుకునేది మాత్రం నెలకోసారి చేసుకునే ఇంటిపని. అందుకే దాని గురించి రాసినవారు తక్కువ, చేసేవారు ఎక్కువ.

చెట్టు, నేల

గోరింట శాస్త్రనామం లాసోనియా ఇనర్మిస్. దానిమ్మ ఉన్న లిత్రేసీ కుటుంబంలోనిదే. లాసోనియా అన్న పేరు 18వ శతాబ్దపు స్కాట్లాండు వైద్యుడు ఐజాక్ లాసన్ జ్ఞాపకంగా పెట్టినది. పొదగా పెరిగి, వదిలేస్తే ఆరు మీటర్ల దాకా ఎదుగుతుంది. ఆకులు చిన్నవి, ఎదురెదురుగా వస్తాయి. తెల్లని లేదా లేత గులాబీ ఛాయ పూలు గుత్తులుగా పూసి ఘాటైన వాసన వేస్తాయి. ముదిరిన కొమ్మల కొసలు ముళ్ళలా గట్టిపడతాయి. దొడ్డి కంచెకు గోరింటను వేయడానికి ఇదొక కారణం. పసుపు పూలు పూసే ముళ్ళ గోరింట వేరే మొక్క. దాని ఆకు నూరితే ఈ రంగు రాదు.

గోరింట ఎండను కోరే మొక్క. నీళ్ళు తక్కువైనా బతుకుతుంది. వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో కోసిన ఆకులోనే రంగు ఎక్కువ. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 880 మీటర్ల ఎత్తున చల్లని మెట్ట మీద ఉంది. అక్కడి నుంచి సూళగిరి మీదుగా కిందికి దిగితే వచ్చే కృష్ణగిరి దాదాపు 500 మీటర్ల ఎత్తులో, అంతకంటే వేడిగా ఉంటుంది. కాబట్టి ఒకే జిల్లా అయినా, హోసూరు, తళి వైపు మార్గశిర పుష్య మాసాల్లో కోసిన ఆకు కంటే కృష్ణగిరి, బర్గూరు వైపు ఎండాకాలంలో కోసిన ఆకు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. లేత ఆకులో రంగు ముదురు ఆకులో కంటే మెండు. కోసిన ఆకును నీడలోనే ఎండబెట్టాలి. ఎండలో వేస్తే పచ్చదనంతో పాటు పస కూడా పోతుంది.

దుకాణాల్లో దొరికే పొడిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని పాలీ జిల్లా నుంచి వస్తుంది. అక్కడి సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రంగు ఎలా పడుతుంది

రంగునిచ్చే పదార్థం లాసోన్. ఎండు ఆకు బరువులో సుమారు ఒకటి, రెండు శాతం ఉంటుంది. చెట్టు మీది ఆకులో ఇది తయారుగా ఉండదు, చక్కెరతో జతకట్టిన వేరే రూపంలో దాగి ఉంటుంది. ఆకును నూరి తడిపినప్పుడు ఆ జత విడిపోతుంది, విడివడినది గాలి తగిలి లాసోన్‌గా మారుతుంది. పొడి కలిపిన వెంటనే రాసుకుంటే రంగు పలచగా పడటానికీ, మరీ ఎక్కువ రోజులు ఉంచితే పస తగ్గడానికీ మూలం ఇదే.

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. లాసోన్ ఆ కెరాటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. తలంటుకున్నా వదలదు. వెంట్రుకలోని సహజమైన నలుపును అది తీసివేయదు, దాని మీద ఎర్రని పొరను చేరుస్తుంది. అందువల్ల నల్లని జుట్టులో ఎండ పడ్డప్పుడు మాత్రమే ఎరుపు మెరుస్తుంది. తెల్లని వెంట్రుక నారింజ ఎరుపుకు తిరుగుతుంది. మొదటి రోజు కనిపించే కొట్టొచ్చినట్టుండే నారింజ చూసి కంగారుపడనక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో గాలికి ముదిరి రాగి రంగుకో, ముదురు ఎరుపుకో దిగుతుంది.

ఈ ఎరుపు చాలా పాతది. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ మమ్మీని 1976లో పారిస్‌కు తీసుకువెళ్ళి పరీక్షించినప్పుడు జుట్టుకు గోరింట రంగు వేసిన ఆనవాలు కనబడింది. ముస్లిం పెద్దలు నెరిసిన గడ్డానికి మెహందీ పెట్టుకోవడం ప్రవక్త సంప్రదాయాన్ని పాటించడంగా భావిస్తారు. కృష్ణగిరి, డెంకణికోట వంటి ఊళ్ళలో ఆ ఎర్రని గడ్డాలు చూడని తెలుగువారుండరు. రంగు వేసుకోవడాన్ని వయసు దాచుకోవడంగా చూసేవారికి ఈ ఎరుపు ఒక జవాబు. అది వయసును దాచదు, దానికి గౌరవం ఇస్తుంది.

బలం అంటే ఎంతవరకు

గోరింటాకు జుట్టును పెంచుతుందనీ, ఊడటాన్ని ఆపుతుందనీ చెప్పే మాటలో సగమే సరుకుంది. చర్మం పైకి వచ్చిన వెంట్రుక జీవం లేని పోగు. గోరింట పని చేసేది ఆ పోగు మీదనే. వెంట్రుక పైపొర పొలుసులు పొలుసులుగా ఉంటుంది. దువ్వెన, ఎండ, ఉప్పునీరు, గాఢమైన షాంపూ వీటివల్ల ఆ పొలుసులు లేచిపోతాయి. లాసోన్ ఆ పైపొరకు అంటుకుని పోగును కాస్త మందంగా, బిరుసుగా చేస్తుంది. జుట్టు ఒత్తుగా అనిపించడం, మెరవడం, కొసలు తక్కువగా చిట్లడం నిజంగా కనిపించే ఫలితాలు. మెత్తని సన్నజుట్టు ఉన్నవారికి ఈ మేలు బాగా తెలుస్తుంది. సహజంగానే పొడిగా, బిరుసుగా ఉన్న జుట్టును ఇది మరింత ఎండినట్టు చేయవచ్చు. అలాంటివారు మరునాడు కొబ్బరినూనె తప్పకుండా రాసుకోవాలి.

కుదుళ్ళ సంగతి వేరు. జుట్టు గుత్తులుగా ఊడుతుంటే రక్తహీనత, థైరాయిడ్ లోపం, కాన్పు తర్వాతి మార్పు, జ్వరం, సరైన తిండి లేకపోవడం లాంటి కారణాలుండవచ్చు. వాటికి తలకు పెట్టే ఏ ఆకూ మందు కాదు. ఆరు నెలలు ఓపిగ్గా గోరింటాకు పెట్టుకుంటూ కూర్చున్న ఆడమనిషికి ఒక్క రక్తపరీక్ష అంతకన్నా ఎక్కువ మేలు చేయవచ్చు. గోరింటాకు, గుంటగలగర ఆకు వేసి కాచిన నూనె తలకు మంచి పూతే. కానీ నూనెలో లాసోన్ సరిగా కరగదు కాబట్టి దానితో నెరసిన జుట్టు రంగు తిరుగుతుందని ఎదురుచూడటం వృథా.

ఇంట్లో చేసుకునే తీరు

భుజాల దాకా ఉన్న జుట్టుకు 100 గ్రాముల పొడి సరిపోతుంది. నడుము దాటిన జడకు రెండు మూడింతలు కావాలి. పొడి పలచని బట్టలో జల్లించినంత మెత్తగా ఉండాలి. లేకపోతే పుల్లలు, ఇసుక జుట్టులో ఇరుక్కుని కడిగినప్పుడు వెంట్రుకలు తెగుతాయి. 100 గ్రాములకు సుమారు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి, గరిట నుంచి మెల్లగా జారే ముద్దగా కలిపి మూతపెట్టాలి. కృష్ణగిరి ఎండల్లో మూడు నాలుగు గంటలకే రంగు ఊరుతుంది. హోసూరు చలిరాత్రుల్లో తెల్లవారే దాకా ఉంచినా తొందరపడినట్టు కాదు. ముద్ద పైభాగం గోధుమరంగుకు తిరిగి, లోపల పచ్చగా ఉంటే సిద్ధమైనట్టు.

ఏం కలపాలన్నది ఇంటింటికీ మారే విషయం. నిమ్మరసం, పులుపు ఉన్న ఉసిరి పొడి రంగును నిదానంగా విడుదల చేయించి నిలకడగా ఉంచుతాయి. నిమ్మరసం మరీ ఎక్కువైతే తల మంట పుడుతుంది. టీ డికాషన్‌లోని, ఉసిరిలోని వగరు పదార్థం ఇనుప మూకుడులో ఇనుముతో కలిసి నల్లబడుతుంది. రాత్రంతా ఇనుప మూకుడులో నానబెట్టే పాత అలవాటు అర్థం లేనిదేమీ కాదు, రంగు నిజంగానే ముదురుతుంది. పెరుగు, గుడ్డు కలపడం మాత్రం మానుకుంటేనే మేలు. వాటిలోని మాంసకృత్తులు లాసోన్‌ను గిన్నెలోనే పట్టేసుకుంటాయి, జుట్టుకు చేరేది తగ్గుతుంది. జుట్టు మెత్తబడాలంటే పెరుగును మరో రోజు విడిగా పట్టించుకోవచ్చు.

ముందురోజు కుంకుడుకాయతోనో శీకాయతోనో తలంటుకుని, నూనె రాయకుండా ఆరబెట్టాలి. నూనె జిడ్డున్న వెంట్రుకకు రంగు అంటదు. అదే కారణంతో నుదుటి అంచున, చెవుల మీద మాత్రం నూనె రాసుకుంటే చర్మానికి మరక పడదు. చేతులకు తొడుగులు వేసుకుని, మెడ వెనక నుంచి పాయలు పాయలుగా తీస్తూ కుదుళ్ళ దగ్గర మందంగా పట్టించాలి. చుట్టి ముడివేసి అరటాకుతోనో ప్లాస్టిక్ కవరుతోనో కప్పితే ముద్ద ఎండిపోదు. ఎండిన ముద్ద రంగునివ్వదు. రెండు నుంచి నాలుగు గంటలు ఉంచాలి. చలికి తలనొప్పి, జలుబు చేసేవారు మధ్యాహ్నపు ఎండవేళ చూసుకోవడం మంచిది.

కడగడంలో ఈ ప్రాంతపు నీళ్ళ సంగతి గమనించాలి. గట్టిరాతి నేలలోని లోతు బోర్ల నీళ్ళు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. వాటిలోని సున్నపు లవణాలు వెంట్రుక మీద పొరలా పేరుకుని రంగుకూ మెరుపుకూ అడ్డుపడతాయి. భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ సమస్య వల్లనే ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్ళు తెచ్చే ఒగేనకల్ పథకం 2013లో మొదలైంది. తలకు ముద్ద కలపడానికి, చివరిసారి జాడించడానికి ఒక బిందెడు ఆ పథకపు కుళాయి నీళ్ళో, పట్టి ఉంచిన వాననీళ్ళో వాడితే తేడా తెలుస్తుంది. ఆ రోజు షాంపూ వద్దు. మర్నాడు నూనె, ఆ తర్వాత తలంటు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి నాలుగైదు వారాలకోసారి కుదుళ్ళ వద్ద కొత్తగా తెల్లబడిన మేరకు పెడితే చాలు. ప్రతిసారీ కొసల దాకా పట్టిస్తే పొర మీద పొర పడి కొసలు నల్లని ఎరుపుకు, బిరుసుకు తిరుగుతాయి. ఒకసారి పట్టిన గోరింట రంగు పూర్తిగా పోవాలంటే ఆ వెంట్రుక పెరిగి కత్తిరించబడాల్సిందే. 60 సెంటీమీటర్ల జడలో అందుకు ఐదేళ్ళు పడుతుంది.

నలుపు కావాలంటే

స్వచ్ఛమైన గోరింటాకు ఏ రకమైనా నలుపునివ్వదు. నలుపు కోరేవారికి ఆకులతోనే ఒక దారి ఉంది, అది నీలి. ఒకప్పుడు కడప సీమ నీలిమందుకు పేరుపొందింది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి రావడంతో ఆ సాగు కుప్పకూలింది. తమిళంలో అవురి అనే ఈ మొక్క ఆకు పొడిని ఇప్పుడు తల రంగుకోసం మళ్ళీ అమ్ముతున్నారు. గోరింటాకు పెట్టి కడిగిన తడిజుట్టు మీద, అప్పటికప్పుడు నీళ్ళలో కలిపిన నీలి ఆకు పొడిని గంట, రెండు గంటలు ఉంచాలి. దీన్ని రాత్రంతా నానబెట్టకూడదు, పదిహేను నిమిషాలు దాటితే పస జారిపోతుంది. కడగగానే ఆకుపచ్చ ఛాయ కనిపించినా, ఒకటి రెండు రోజుల్లో నలుపుకు వస్తుంది. గోరింట లేకుండా తెల్లజుట్టు మీద నేరుగా నీలి పెడితే రంగు సరిగా నిలవదు.

హోసూరు చుట్టూ ఉన్న కర్మాగారాల్లో వేలమంది ఆడపిల్లలు వంతుల లెక్కన పని చేస్తున్నారు. వారికి అరపూట ముద్ద పెట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. అరగంటలో నల్లబరిచే చిన్న ప్యాకెట్లు అందుకే అంతగా అమ్ముడుపోతాయి. వీటిలో కొన్నింటి మీద గోరింటాకు బొమ్మ, మూలిక అన్న మాట ఉన్నా, నలుపునిచ్చేది పారా ఫినైలిన్ డయామిన్ అనే రసాయనం. కొందరికి అది తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. తల, నుదురు, కనురెప్పలు వాచి, బొబ్బలెక్కి ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది. ఒకసారి పడనిది ఎప్పటికీ పడదు, రెండోసారి ఇంకా గట్టిగా కొడుతుంది. ఇలాంటి రంగుల మీద ముందుగా చర్మంపై పరీక్షించుకోవాలనీ, కనుబొమలకు, రెప్పవెంట్రుకలకు వాడరాదనీ ఇంగ్లిషులోనూ స్థానిక భాషల్లోనూ హెచ్చరిక ముద్రించాలని భారత చట్టం చెబుతుంది. కొనేవారు చూడాల్సింది ఆ సన్నని అక్షరాలనే. గోరింటాకు పేరుతో అమ్ముతూ అరగంటలో నల్లబరుస్తానని చెప్పే పొడి ఒట్టి గోరింటాకు కానే కాదు.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. దువ్వెనకు ఊడివచ్చిన వెంట్రుకలను పోగుచేసి, తలకు పెట్టుకోబోయే ముద్దలో ముంచి, కడిగి, రెండు రోజులు ఆగి రంగు చూడాలి. దాంతోపాటు మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు గమనించాలి.

ఎవరు జాగ్రత్త పడాలి

ఒట్టి గోరింటాకు వల్ల ఎలర్జీ అరుదు. కానీ జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో లాసోన్ ఎర్రరక్తకణాలను విచ్ఛిన్నం చేయగలదు. పసిపిల్లలకు ఇది ప్రాణాపాయం. చల్లదనానికనో, వేడుకకో చంటిబిడ్డల అరికాళ్ళకు, మాడుకు గోరింటాకు పెట్టే అలవాటు ఏ ఇంట్లో ఉన్నా మానుకోవాలి. ఈ లోపం ఉన్న సంగతి చాలామందికి తెలియదు కాబట్టి, గోరింటాకు పెట్టాక పసిబిడ్డ కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, గోరింటాకు పెట్టిన మాట వైద్యుడికి చెప్పాలి.